మా పార్టీకి నా ఓటు బాకీ లేదు

ఈసారి, అంటే 2024లో, అమెరికా అధ్యక్ష పదవికి నేను ఎవరికీ ఓటు వెయ్యలేదు. జార్జియాలో ముందస్తు పోలింగ్ అక్టోబర్ 15న మొదలైంది. మొదటి వారంలోనే వెళ్ళి మిగతా పదవులన్నిటికీ వేసి, రాజ్యాంగ సవరణలకీ వేసి, పైన రిపబ్లికన్ ట్రంప్, డెమోక్రాట్ హారిస్ పేర్లున్న చోటు మాత్రం వదిలేసి వచ్చాను. ఈ మాట బయటికి పొక్కిన దగ్గర్నుంచి ఫోన్లు, వాట్సాప్ మెసేజిలు ఆగట్లేదు. ఎటైనా మొగ్గే స్వింగ్ స్టేట్‌లో ఉండి ఓటు పారేసుకుంటావా అని కొందరు, ఇక రిపబ్లికన్‌నని చెప్పుకోకు అని కొందరు. అందరికీ విడివిడిగా చెప్పే తీరిక లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, కాస్త పెద్దదే అవుతుంది.

నేను ఫోర్సైత్ కౌంటీలో ఉంటాను, చిన్న ఇండియన్ గ్రాసరీ షాపు నడుపుతాను. పౌరసత్వం వచ్చాక వేసిన మొదటి ఓటు 2012లో మిట్ రామ్నీకి. అప్పట్నుంచీ పై నుంచి కింది దాకా రిపబ్లికన్లకే వేస్తున్నాను. ఎవరో చెప్పారని కాదు. రాబడి చూసుకుని ఖర్చు పెట్టాలని, చట్టం పెద్దవాడికీ చిన్నవాడికీ ఒకటే అయ్యుండాలని, వ్యాపారంలో ప్రభుత్వం ఎంత తక్కువ తలదూరిస్తే అంత మంచిదని, మిత్రదేశాలకి ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని నేను నమ్ముతాను. తణుకు దగ్గర చిన్న కిరాణా కొట్టు నడిపిన మా నాన్నగారూ ఇదే నమ్మేవారు, ఆయనకి 1980ల నాటి రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ పేరు కూడా తెలియదు. నాకు కావలసింది ఈ నమ్మకాల్లో సగమైనా ఉన్న అభ్యర్థి, పోనీ వాటికోసం నటించే అభ్యర్థి అయినా. ఈసారి బ్యాలెట్ మీద అలాంటివాళ్ళు ఎవరూ లేరు.

అప్పు సంగతే తీసుకోండి. దేశానికున్న అప్పంతా ఎనిమిదేళ్ళలో తీర్చేస్తానని ట్రంప్ 2016లో చెప్పారు. ఆయన కుర్చీ ఎక్కేటప్పటికి అది 20 ట్రిలియన్ డాలర్లకి కాస్త తక్కువ, దిగేటప్పటికి 27 ట్రిలియన్లు దాటింది. కోవిడ్ వచ్చింది కదా అంటారు, నిజమే. కానీ కోవిడ్‌కి ముందు, ఉద్యోగాలు బ్రహ్మాండంగా ఉన్న 2019లో కూడా లోటు ట్రిలియన్‌కి కాస్త తక్కువ, అంతే. మంచి రోజుల్లో కూడబెట్టనివాడు చెడ్డ రోజుల్లో కూడబెడతాడా? తర్వాత బైడెన్, హారిస్ వచ్చారు, 2024 జులైలో అప్పు 35 ట్రిలియన్లు దాటింది. ఇప్పుడు కట్టే వడ్డీ మన సైన్యం ఖర్చుని మించిపోయింది. సోషల్ సెక్యూరిటీ వృద్ధాప్య నిధి 2033 కల్లా అయిపోతుందని, ఆ తర్వాత వచ్చే రాబడితో 79 శాతం పెన్షన్లే ఇవ్వగలమని ఆ నిధి ట్రస్టీలే 2024 రిపోర్టులో రాశారు. దీనికి మన అభ్యర్థి దగ్గరున్న జవాబు ఏంటి? పైసా కూడా తగ్గించనన్నారు, పైగా టిప్పుల మీద పన్ను ఎత్తేస్తాను, ఓవర్‌టైమ్ మీద ఎత్తేస్తాను, ఆ పెన్షన్ మీద కూడా ఎత్తేస్తాను అన్నారు. టిప్పుల మాట ఆగస్టులో హారిస్ కూడా ఎత్తుకున్నారు. నిధి ఎలా నింపుతారో ఇద్దరిలో ఎవరూ వివరంగా చెప్పలేదు.

పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీ పోటీ కోసం 2023 ఆగస్టులో మిల్వాకీలో జరిగిన మొదటి రిపబ్లికన్ డిబేట్‌లో, ఈ అప్పులో మన పార్టీ వాటా ఎంతో ఆ పోటీలో ఉన్న నిక్కీ హేలీ లెక్క చెప్పి మరీ నిలబడ్డారు. ఆ స్టేజీ మీద ట్రంప్ లేరు. ఒక్క ప్రైమరీ డిబేట్‌కి కూడా రాలేదాయన.

ఇక టారిఫ్‌లు. ఇది నా తిండికి సంబంధించిన విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బయటి నుంచి వచ్చే ప్రతి వస్తువు మీదా 10 నుంచి 20 శాతం, చైనా సరుకు మీద 60 శాతం సుంకం వేస్తానని ట్రంప్ 2024 ఎన్నికల సభల్లో చెబుతూ వచ్చారు, ఆ డబ్బు బయటి దేశాలు కడతాయని కూడా అన్నారు. కట్టవండి. ఇండియా నుంచి కంటైనర్ మా సవానా రేవుకి వచ్చినప్పుడు కస్టమ్స్ బిల్లు వచ్చేది ఇక్కడి దిగుమతిదారుకి. అతను అది తన రేటులో కలిపి డిస్ట్రిబ్యూటర్‌కి వేస్తాడు, డిస్ట్రిబ్యూటర్ నాకు వేస్తాడు, నేను కందిపప్పు ప్యాకెట్ మీద రేటు స్టిక్కర్ మారుస్తాను. ఈ వరుసలో న్యూఢిల్లీ ఎక్కడుంది, బీజింగ్ ఎక్కడుంది?

సర్కారు వ్యాపారంలో వేలు పెడితే ఏమవుతుందో మాకు 2023 జులైలో కళ్ళకి కట్టినట్టు కనిపించింది. ఆ నెల 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఇండియా ఆపేసింది. మర్నాటికల్లా షాపు ముందు పార్కింగ్ నిండిపోయింది. 20 పౌండ్ల సోనామసూరి బస్తాలు పేర్చిన అర సాయంత్రానికి ఖాళీ. కుటుంబానికి ఒక్క బస్తా అని కాగితం అంటించాను. ఒక ఇంటివాళ్ళు భర్త ఒక లైన్లో, భార్య ఒక లైన్లో, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పెద్దావిడ ఇంకో లైన్లో నిలబడి, ఒకరికొకరు తెలియనట్టు మొహాలు పెట్టి తలా ఒక బస్తా పట్టుకున్నారు. ఆవిడ నా దగ్గరికొచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. "బాబూ, ఇక బియ్యం రావంటగా, నిజమేనా?" అని అడిగారు. ఆవిడకి ఏం చెప్పాలో తెలియలేదు, ఎందుకంటే డిస్ట్రిబ్యూటర్లు ఫోన్లు ఎత్తడం మానేశారు, ఎత్తినవాళ్ళు గంటకో రేటు చెబుతున్నారు. ఆ నిషేధం ఎత్తెయ్యడానికి 2024 సెప్టెంబర్ దాకా పట్టింది. ఎక్కడో ఒక ఆఫీసులో ఒక సంతకంతో ఇంత గోల అయినప్పుడు, అలాంటి సంతకాలు అన్ని సరుకుల మీదా పెడతానని చెప్పే మనిషిని కన్జర్వేటివ్ అని నేనెలా అనుకోగలను? రీగన్ 1988లో కెనడాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకం పెట్టారు. ఆ పార్టీ ఇదేనా అనిపిస్తుంది.

మరి హారిస్? ఆవిడ ఆగస్టులో నార్త్ కరొలైనాలోని రాలీలో ఆర్థిక ప్రసంగం చేస్తూ, ఆహారం, గ్రాసరీల మీద అధిక ధరలు గుంజడాన్ని దేశమంతటా నిషేధిస్తానన్నారు. గ్రాసరీలో పెద్ద చెయిన్లకే వంద డాలర్ల అమ్మకం మీద ఒకటో రెండో మిగలడం గగనం, నాలాంటివాడి సంగతి చెప్పక్కర్లేదు. ఫ్రీజర్ ఒక్కటి రాత్రి ఆగిపోతే ఆ నెల లాభం కరివేపాకులాగా వాడిపోతుంది. 2021లో కోవిడ్ సాయం బిల్లుతో 1.9 ట్రిలియన్ డాలర్లు ఒక్కసారిగా కుమ్మరించి, ద్రవ్యోల్బణం 2022 జూన్‌లో 9.1 శాతానికి ఎక్కాక, తప్పంతా కొట్టువాళ్ళదేనని చెప్పడం నాకు చాలా కష్టంగా అనిపించింది. రాళ్ళు పగలగొట్టి చమురు, గ్యాస్ తీసే ఫ్రాకింగ్‌ని నిషేధించాలని 2019లో అన్నారు, ఇప్పుడు ఆ నిషేధం వద్దంటున్నారు. సెనేట్‌లో ఉండగా ప్రైవేటు ఆరోగ్య బీమాని పక్కకి నెట్టే బిల్లుకి మద్దతుదారు, ఇప్పుడు ఆ ఊసే లేదు. మనుషులు మనసు మార్చుకుంటారు, తప్పులేదు. ఎందుకు మార్చుకున్నారో చెప్పకపోతే మాత్రం మళ్ళీ ఎటు మారతారో నాకెలా తెలుస్తుంది?

సరిహద్దు విషయంలో నాకు ఆవిడ మీదున్న కోపం ఇంకా పెద్దది. 2023 ఆర్థిక సంవత్సరంలో దక్షిణ సరిహద్దు దగ్గర దాదాపు 25 లక్షల సార్లు అధికారులు జనాన్ని ఎదుర్కోవాల్సి వచ్చింది. మా షాపుకొచ్చే కుర్రాళ్ళు, పిల్లలు పుట్టి స్కూలుకెళ్తున్నవాళ్ళు, ఏ ఒక్క దేశంవాళ్ళకీ 7 శాతం మించి ఇవ్వకూడదన్న కోటా వల్ల గ్రీన్‌కార్డు లైన్లో సంవత్సరాల తరబడి నిలబడే ఉన్నారు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో సర్దుకోవాలన్న టెన్షన్‌తో ఇల్లు కొనుక్కోవాలా వద్దా అని తేల్చుకోలేరు. పద్ధతిగా వచ్చినవాడికి ఈ శిక్ష ఏంటని అడిగితే ఆ పార్టీ దగ్గర జవాబు లేదు. మా పార్టీ దగ్గర గట్టిగా అరవడం ఉంది, ఈ లైన్ చిన్నది చేసే చట్టం మాత్రం రాలేదు.

ఇంతవరకూ చదివినవాళ్ళు "సరే, ఇద్దరూ అంతే, అయినా మనవాడు మనవాడే కదా" అంటారని తెలుసు. ఇక్కడే జార్జియా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది వేరే రాష్ట్రంలో ఉన్న రిపబ్లికన్‌కి అంత సులువుగా తలకెక్కదు.

2020లో ట్రంప్ ఇక్కడ 11,779 ఓట్లతో ఓడిపోయారు. లెక్కపెట్టించింది ఎవరు? రిపబ్లికన్ గవర్నర్ బ్రయన్ కెంప్ ఉన్న రాష్ట్రంలో, రాష్ట్ర ఎన్నికలు చూసే అధికారి, రిపబ్లికన్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్. మొదట ఒకసారి, తర్వాత దాదాపు 50 లక్షల కాగితాలు చేత్తో ఒకసారి, మళ్ళీ మెషీన్ల మీద ఇంకోసారి. మూడుసార్లూ అదే ఫలితం. 2021 జనవరి 2న, ఇంకా అధ్యక్షుడిగా ఉన్న ట్రంప్ రాఫెన్స్‌పర్గర్‌కి ఫోన్ చేసి 11,780 ఓట్లు వెతకమన్నారు. ఆ రికార్డింగ్ నేను మొత్తం విన్నాను, ఎవరో కోసి పెట్టిన ముక్క కాదు, గంటకి పైగా ఉన్నదంతా. ఓటరుగా నా గుండె మండింది. ఎందుకంటే ఆ 50 లక్షల కాగితాల్లో నాదీ ఒకటి, అది ట్రంప్‌కే వేసిన ఓటు, దాన్ని సరిగ్గానే లెక్కపెట్టారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. మూడు రోజులకే, జనవరి 5న, ఇక్కడ రెండు సెనేట్ సీట్లకి రనాఫ్, అంటే ఎవరికీ సగం ఓట్లు దాటనప్పుడు పెట్టే రెండో విడత. నవంబర్‌లో మా పార్టీ సెనేటర్ డేవిడ్ పర్డ్యూకి 49.7 శాతం వచ్చింది, సీటు చేతికి అందినట్టే. కానీ మీ ఓట్లు దొంగిలించారు, ఎన్నికంతా మోసం అని రెండు నెలలపాటు ట్రంప్ చెబితే మన జనం ఎందుకొస్తారు? రాలేదు. రెండు సీట్లూ పోయాయి, సెనేట్ 50-50 అయింది, ఉపాధ్యక్షురాలు హారిస్ ఓటుతో డెమోక్రాట్ల చేతికి వెళ్ళింది. ఇందాక చెప్పిన 1.9 ట్రిలియన్ల బిల్లు ఆ సీట్ల మీదే నడిచింది. బైడెన్ ఖర్చుల్ని తిట్టే ప్రతి కన్జర్వేటివ్ మిత్రుడికీ ఇదే గుర్తుచేస్తాను, ఆ తాళం తీసిచ్చింది మనమే.

2022లో ట్రంప్ కెంప్ మీద పగబట్టి అదే పర్డ్యూని గవర్నర్ ప్రైమరీలో నిలబెట్టారు. కెంప్‌కి 73 శాతం పైగా ఇచ్చాం. నవంబర్‌లో కెంప్ దాదాపు మూడు లక్షల మెజారిటీతో గెలిచారు. అదే బ్యాలెట్ మీద, అదే రోజు, ట్రంప్ తెచ్చిన సెనేట్ అభ్యర్థి హర్షల్ వాకర్‌కి కెంప్ కన్నా రెండు లక్షల ఓట్లు తక్కువ పడ్డాయి, డిసెంబర్ రనాఫ్‌లో ఓడిపోయారు. అంటే జార్జియా కన్జర్వేటివ్‌లకి ఏం కావాలో ఈ రాష్ట్రం నోరు విప్పి చెప్పింది: పన్నులు తగ్గించేవాడు, షాపులు తెరవనిచ్చేవాడు, ఒత్తిడి వచ్చినప్పుడు చట్టం వైపు నిలబడేవాడు. అలాంటివాళ్ళు మా పార్టీలో లేరా అంటే ఉన్నారు, మా ఇంటికి గంట దూరంలో గవర్నర్ బంగళాలో ఒకరున్నారు. అందుకే ఈసారి అభ్యర్థిని చూసి నాకు ఇంత మంట.

మరి ఆయనే ఎలా వచ్చారు? జనం కోరుకున్నారు కాబట్టి వచ్చారంటారు. ఏ జనం? 2024 జనవరి 15న, అన్ని రాష్ట్రాలకన్నా ముందు పార్టీ ఓటింగ్ జరిగే అయోవాలో, గడ్డకట్టే చలిలో, ట్రంప్‌కి పడినవి సుమారు 56 వేల ఓట్లు. 51 శాతం వచ్చిందని టీవీల్లో ఆ రాత్రే పోటీ అయిపోయిందన్నారు. ఆరు రోజులకి మరో పోటీదారు డిసాంటిస్ తప్పుకున్నారు. న్యూహాంప్‌షైర్‌లో హేలీకి 43 శాతం వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు, చాలా రాష్ట్రాలు ఒకేరోజు ఓటేసే సూపర్ ట్యూస్‌డే మర్నాడు, మార్చి 6న, ఆవిడా ఆపేశారు. జార్జియా ప్రైమరీ మార్చి 12న. నేను వెళ్ళి రిపబ్లికన్ బ్యాలెట్ అడిగి తీసుకుంటే అందులో హేలీ, డిసాంటిస్, క్రిస్టీ, టిమ్ స్కాట్, రామస్వామి పేర్లన్నీ ఉన్నాయి, కానీ బరిలో ట్రంప్ ఒక్కరే ఉన్నారు. ఆ రాత్రే ట్రంప్‌కీ, అటు బైడెన్‌కీ నామినేషన్‌కి కావలసినంతమంది డెలిగేట్లు, అంటే అభ్యర్థిని ఖాయం చేసే పార్టీ ప్రతినిధులు, సరిపోయారు. పందెం అయిపోయాక మమ్మల్ని లైన్లో నిలబెట్టారన్నమాట. అయినా హేలీకి ఇక్కడ 13 శాతం, 77 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి, అందులో నాదొకటి. కొన్ని ముందస్తు ఓట్లే అనుకున్నా, తప్పుకున్న మనిషికి 77 వేలు. పోయినసారి ఈ రాష్ట్రం చేతులు మారింది 11,779తో.

ఆ 77 వేలమందితో మాట్లాడదామని పార్టీకి తోచిందా? మార్చిలో పార్టీ జాతీయ కమిటీకి ట్రంప్ కోడలు సహాధ్యక్షురాలయ్యారు. జులైలో మిల్వాకీలో 16 పేజీల ప్లాట్‌ఫామ్, అంటే పార్టీ మేనిఫెస్టో, తెచ్చారు, అందులో ఎన్నో ఏళ్ళుగా ఉన్న గర్భస్థ శిశువుల గురించిన గట్టి మాటలు తీసేశారు. చర్చి స్నేహితులు కొందరు దానికి ఎంత నొచ్చుకున్నారో నాకు తెలుసు, వాళ్ళూ ఇప్పుడు గొంతు దిగమింగుకుని వేస్తున్నారు.

డెమోక్రాట్ల దగ్గర ఇంకా అన్యాయం. బైడెన్ వయసు సంగతి అందరికీ కనబడుతూనే ఉంది, జూన్ 27 డిబేట్ దాకా ఏమీ లేదన్నారు, జులై 21న ఆయన తప్పుకున్నాక ఒక్క ప్రైమరీ ఓటు అడగకుండా హారిస్‌ని నిలబెట్టారు.

ఈ మధ్య మన తెలుగువాళ్ళలో ఇంకో మాట నడుస్తోంది. ట్రంప్‌తో ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ జేడీ వాన్స్ భార్య ఉష గారి పూర్వీకులది తణుకు దగ్గరి వడ్లూరు, మన ఆడపడుచు వైట్‌హౌస్ దాకా వెళ్తుందంటే వెయ్యమా అని. అటువైపు హారిస్ వాళ్ళ అమ్మగారిది తమిళనాడు అని ఇంకొందరు. వడ్లూరు నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన ఊరే, వింటే సంతోషమే. కానీ దీన్నిబట్టి దేశాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకుంటే, కులం చూసి ఓటేసే అలవాటుని విమానం ఎక్కించి ఇక్కడికి తెచ్చుకున్నట్టే.

ఇక అసలు వాదన. "గుడ్డికన్నా మెల్ల మేలు కదండీ" అని మొన్న షాపులో ఒక పెద్దాయన అన్నారు. గౌరవంగా ఆలోచించాల్సిన మాటే అది. సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీలని ట్రంప్ పెట్టారు. 2024 జూన్‌లో ఆ కోర్టు, ప్రభుత్వ ఏజెన్సీలు చట్టానికి చెప్పే అర్థాన్ని జడ్జీలు కళ్ళు మూసుకుని ఒప్పుకోనక్కర్లేదని తీర్పిచ్చింది, కన్జర్వేటివ్‌లు నలభై ఏళ్ళుగా ఎదురుచూసిన తీర్పు. 2017 పన్ను చట్టంలో చిన్న వ్యాపారులకిచ్చిన 20 శాతం మినహాయింపు నా షాపుకి నిజంగా పనికొచ్చింది. ఇవేవీ నేను కాదనను, 2020లో వాటికే వేశాను. కానీ ఆ తర్వాత ఆ ఫోన్ కాల్ ఉంది, ట్రంప్ మద్దతుదారులు కాంగ్రెస్ భవనం మీద పడ్డ 2021 జనవరి 6 ఉంది. ఆ రోజు రాజ్యాంగం ప్రకారం నడుచుకున్న మైక్ పెన్స్, ఉపాధ్యక్షుడిగా ట్రంప్ పక్కన నాలుగేళ్ళు పనిచేసిన మనిషి, ఈసారి ట్రంప్‌కి మద్దతివ్వనన్నారు. అంత దగ్గర్నుంచి చూసినవాడి మాట నేను కాదని ఎలా తోసెయ్యను?

పైగా ఈ "మెల్ల మేలు" లెక్కకి అంతెక్కడ? 2016లో అదే చెప్పారు, 2020లో అదే, ఇప్పుడూ అదే. అవతలివాడు అధ్వాన్నం అన్న ఒక్క కారణంతో నా ఓటు ఖాయమైనప్పుడు, పార్టీకి నన్ను మెప్పించాల్సిన పనేముంది? నా షాపులోనే కొనక తప్పని కస్టమర్ ఉంటే నేనైనా కూరగాయలు తాజాగా పెడతానా? ఈసారి ఈ సర్దుబాటు చేసుకుంటే 2028లో వచ్చేది ఇంకో మెట్టు కింద ఉంటుంది. ఓటు ఆపితేనే, కొన్ని వేలమందిమి ఆపితేనే, ఓడిన రాత్రి లేదా బొటాబొటీగా గెలిచిన రాత్రి ఎవరైనా లెక్కలు తీసి చూస్తారు.

"వెయ్యకపోతే హారిస్‌కి వేసినట్టే" అంటారు. కాదు. ఆవిడకి వేస్తే తేడా రెండు ఓట్లు, వదిలేస్తే ఒకటి. మా పార్టీ తరఫున కాంగ్రెస్‌లో పనిచేసిన లిజ్ చెయినీ, మా మాజీ లెఫ్టినెంట్ గవర్నర్ జెఫ్ డంకన్ హారిస్‌కే వేస్తామన్నారు. వాళ్ళ ధైర్యం మీద నాకు గౌరవం ఉంది, కానీ ధరల మీద, సరిహద్దు మీద నేను నమ్మేదానికి ఎదురు నిలబడ్డ మనిషికి నా చేత్తో వెయ్యలేను. లిబర్టేరియన్ అనే చిన్న పార్టీ అభ్యర్థి చేజ్ ఆలివర్ మా అట్లాంటా మనిషే, సరిహద్దు విషయంలో ఆయనతో అసలు కుదరదు. కెంప్ పేరు రాద్దామంటే ముందుగా నమోదైన పేర్లు తప్ప జార్జియాలో రాసినవి లెక్కలోకి రావు. ఇండియాలో 2013 నుంచీ నోటా ఉంది, ఇక్కడ నెవాడాలో 1970ల నుంచీ "వీళ్ళలో ఎవరూ కాదు" అన్న గడి ఉంది, 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రైమరీలో హేలీ ఆ గడి చేతిలోనే ఓడిపోయారు. జార్జియాలో అదీ లేదు. మిగిలింది ఖాళీ. మా దగ్గర స్క్రీన్ మీద నొక్కాక కాగితం అచ్చయి వస్తుంది, స్కానర్లో పెట్టేముందు చదువుకోవచ్చు. అధ్యక్ష పదవి దగ్గర ఎవరినీ ఎంచుకోలేదని ఉంది, రెండుసార్లు చదివి పెట్టాను. మొత్తం బ్యాలెట్లకీ ఆ పదవికి పడ్డ ఓట్లకీ మధ్య తేడా ఎంతో ఫలితాల్లో తెలుస్తుంది, చూడదలుచుకున్నవాళ్ళకి.

మిగతాదంతా శ్రద్ధగా నింపాను. కాంగ్రెస్‌కి, రాష్ట్ర సభలకి మా పార్టీవాళ్ళకే వేశాను. సొంతింటి పన్ను విలువ ద్రవ్యోల్బణాన్ని మించి పెరగకుండా పట్టే మొదటి సవరణకి అవునన్నాను. వ్యాపార సామాను మీద పన్ను మినహాయింపుని 7,500 నుంచి 20,000 డాలర్లకి పెంచే రెఫరెండం బ్యాలెట్ చివర్న ఉంది, చాలామంది అక్కడిదాకా చదవరు. నా ఫ్రీజర్లకి, అరలకి, బిల్లింగ్ మెషీన్లకి అది నేరుగా తగులుతుంది, దానికీ అవునన్నాను.

కెంప్ గారికి వరసగా మూడోసారి నిలబడే వీల్లేదు. 2026 మేలో గవర్నర్ ప్రైమరీ, ఈసారి ఏ అయోవా మాకన్నా ముందు తేల్చెయ్యదు. 2024 మార్చి ప్రైమరీలో జార్జియా మొత్తమ్మీద ఆరు లక్షలమంది కూడా రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకోలేదు, 2020 నవంబర్‌లో ట్రంప్‌కి పడినవేమో 24 లక్షల అరవై వేలు. మన కౌంటీలో పౌరసత్వం వచ్చి, నమోదు చేసుకుని, నవంబర్‌కి తప్ప ఇల్లు కదలని తెలుగువాళ్ళు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. 2026 ఏప్రిల్ నుంచే షాపుకొచ్చిన ప్రతివాళ్ళనీ అడుగుతాను. ఇప్పుడే చెప్పి పెడుతున్నాను, విసుక్కోవద్దు.